పిలవని మెకానిక్ చేతికి ఫోన్ ఇవ్వొద్దు

కాలవ నీళ్లు, డ్రెయిన్ల పూడిక, గిట్టుబాటు ధర, కౌలు కార్డులు. వీటి గురించి మాట్లాడాల్సిన పత్రికలో సెల్‌ఫోన్ మోసాల గొడవ ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. ఒక చిన్న లెక్క చూద్దాం. 2025-26లో ధాన్యం మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. 75 కిలోల బస్తాకి 1,777 నుంచి 1,792 రూపాయలు పడుతుంది. ఎకరాకు 30 బస్తాలు పండితే 53 వేల పైచిలుకు. దమ్ము, నాట్లు, కలుపు, ఎరువు, కోత మిషను, కౌలు అన్నీ అందులోంచే పోవాలి. ఆ డబ్బు ఇప్పుడు చేతికి నోట్లుగా రావడం లేదు. బ్యాంకు ఖాతాలో పడుతుంది, పడినట్టు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఆ ఫోన్ పరాయివాడి అదుపులోకి వెళితే అయిదెకరాల పంట డబ్బు పది నిమిషాల్లో పోతుంది. తేమ పేరుతో, తరుగు పేరుతో బస్తాకి కిలో, రెండు కిలోలు కోస్తే మిల్లు గేటు దగ్గర బైఠాయించే మనం, మొత్తం పంటనే ఎత్తుకుపోయే దొంగతనం గురించి మాట్లాడకుండా ఎలా ఉంటాం?

దేశం మొత్తం మీద సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్న సొమ్ము 2023లో 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్లు అని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. ఈ మోసాలు చాలా రకాలు. మచిలీపట్నం నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దాకా మన ఇళ్లలోకి తేలిగ్గా దూరగలిగే ఒక రకం గురించి ఈ వ్యాసం. దాన్ని టెక్ సపోర్ట్ మోసం అంటున్నారు. సులువుగా చెప్పాలంటే, సాయం చేస్తానని వచ్చి దోచుకుపోవడం.

దొంగ ఏం చేస్తాడు

పొలంలో ఆయిల్ ఇంజన్ ఆగిపోతే మెకానిక్‌ను మనం పిలుస్తాం. రొయ్యల చెరువు మీద ఏరియేటర్ మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకి మనం మోసుకెళ్తాం. మనం పిలవకుండానే ఎవడో గేటు దగ్గరకొచ్చి "మీ మోటారు పాడైపోబోతోంది, తాళాలివ్వండి, బాగుచేసి పెడతా" అంటే ఇస్తామా? నువ్వెవరు, ఏ ఊరు, నిన్ను ఎవరు పంపారని నిలదీస్తాం. ఫోన్ విషయంలో మాత్రం ఆ తెలివి మనకు పనిచేయకుండా చేయడమే దొంగ పని.

వాడి మాటలు రకరకాలుగా ఉంటాయి. "మీ ఫోన్‌లో వైరస్ పడింది." "మీ సిమ్ 24 గంటల్లో ఆగిపోతుంది." "పీఎం కిసాన్ ఈకేవైసీ పూర్తికాలేదు, ఈసారి విడత పడదు." "మీ బ్యాంకు యాప్ పాతదైపోయింది, కొత్తది వేయాలి." "కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రికి లైను తీసేస్తున్నాం." మాట ఏదైనా వరస ఒకటే. ముందు భయం పెడతాడు. తర్వాత తనే సాయం చేస్తానంటాడు. ఆ పైన ఫోన్‌లోకి తలుపు తీయిస్తాడు.

ఆ తలుపులు ప్రధానంగా మూడు. మొదటిది ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు. ఇవి దొంగ యాప్‌లు కావు. దూరంలో ఉన్నవాళ్లు మన ఫోన్‌నో కంప్యూటర్‌నో చూసి సరిచేయడానికి తయారైనవి. అమెరికాలో ఉన్న కొడుకు, గుడివాడలో ఉన్న నాన్న ల్యాప్‌టాప్‌ను బాగుచేసేది కూడా ఇలాంటి యాప్‌తోనే. అయితే యాప్‌లో కనపడే నంబరు ఎవరికి చెబితే వాళ్లకు మన తెర కనిపిస్తుంది. మనం కొట్టే ప్రతి అంకె, వచ్చే ప్రతి ఓటీపీ వాళ్లు చూస్తారు. అనుమతి ఇస్తే ఫోన్‌ను వాళ్లే నడపగలరు. ఎనీడెస్క్ పేరుతో జరుగుతున్న మోసాల మీద రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

రెండోది వాట్సాప్ వీడియో కాల్. అందులో మన తెరను అవతలివాళ్లకు చూపించే సదుపాయం 2023లో వచ్చింది. కొత్త యాప్ ఏదీ వేయనక్కర్లేదు. "వీడియో కాల్‌లోకి రండి, కింద గుర్తు నొక్కండి, నేను చూసి చెబుతా" అంటాడు. నొక్కితే చాలు.

మూడోది ఏపీకే ఫైలు. "పీఎం కిసాన్", "ఈ-చలాన్", "కేవైసీ" లాంటి పేర్లతో వాట్సాప్‌లో వస్తుంది. ఇది ప్లే స్టోర్ నుంచి కాకుండా బయట నుంచి వచ్చే యాప్. నొక్కి అనుమతులిస్తే మన మెసేజ్‌లు చదువుతుంది, ఓటీపీలను దొంగకి చేరవేస్తుంది. కొన్ని రకాలు మన వాట్సాప్‌ను కూడా పట్టుకుని, మన పేరుతోనే మన గ్రూపుల్లోకి అదే ఫైలును పంపుతాయి. కాబట్టి ఈ ఫైలు పరాయి నంబరు నుంచే రావాలని లేదు. ఊరి గ్రూపులో, బంధువుల గ్రూపులో, రేపు మన సంఘం గ్రూపులో కూడా తెలిసినవాళ్ల పేరు మీదే రావచ్చు.

కంప్యూటర్ ఉన్న ఇళ్లలో ఇంకో రూపం ఉంది. ఏదో పేజీ చూస్తుండగా తెర నిండా ఎర్ర అక్షరాలు వస్తాయి, సైరన్ మోగుతుంది, "మైక్రోసాఫ్ట్‌కి వెంటనే ఫోన్ చేయండి" అని ఒక నంబరు కనపడుతుంది. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్టే చెబుతోంది. తెర మీద నంబరు కనపడిందంటే అది దొంగదే. పవర్ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్ ఆపేస్తే సరిపోతుంది.

చదువు లేక మోసపోతున్నారా?

రైతులకు చదువు లేదు, అందుకే మోసపోతున్నారని తేలిగ్గా అనేవాళ్లున్నారు. ఆ మాట నిజం కాదు. ఇదే టెక్ సపోర్ట్ మోసంలో అమెరికా జనం 2024లో పోగొట్టుకున్నది 146 కోట్ల డాలర్లు అని వాళ్ల ఎఫ్‌బీఐ లెక్క. వాళ్లు మనకంటే ముందు నుంచి కంప్యూటర్లు వాడుతున్నవాళ్లే. వాళ్లకు వెళ్లిన ఫోన్లలో కొన్ని మన దేశం నుంచి వెళ్లినవి. 2023 అక్టోబరులో సీబీఐ మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులతో దేశంలో 76 చోట్ల సోదాలు చేసింది. దానికి ఆపరేషన్ చక్ర-2 అని పేరు. 2025 మేలో మన రాష్ట్రంలోనే, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఒక కాల్ సెంటర్‌ను పోలీసులు పట్టుకుని 30 మందికి పైగా అరెస్టు చేశారు. అమెజాన్ మనుషులమని చెప్పి అమెరికా వాసులకు ఫోన్లు చేసి, గిఫ్ట్ కార్డులు కొనిపించి దోచుకున్నారన్నది కేసు.

అంటే ఇది ఒకడు గదిలో కూర్చుని చేసే చిల్లర దొంగతనం కాదు. జీతాలిచ్చి, ఏ మాటకు ఏం బదులు చెప్పాలో రాసిచ్చి నడిపించే వ్యాపారం. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి ఇంకా ఘోరం. కంప్యూటర్ ఉద్యోగాలని ఆశపెట్టి మన రాష్ట్ర యువకులను కంబోడియా తీసుకెళ్లి, అక్కడ కట్టడి చేసి, మన దేశంవాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయిస్తున్నారు. కాబట్టి "వాడు చక్కగా మన తెలుగే మాట్లాడాడు, అంకుల్ అని పిలిచాడు, మోసగాడెలా అవుతాడు?" అనుకోవద్దు. తెలుగు మాట్లాడటం ఇప్పుడు ఏ నమ్మకానికీ గుర్తు కాదు.

ఈ దారి వేసింది ఎవరు?

మన ప్రాంతంలో ఈ మోసం ఎందుకు అతుకుతోందో కూడా చెప్పుకోవాలి. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. తరతరాలుగా మన జనానికి బ్యాంకంటే ఆ పేరే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గ్రామీణ బ్యాంకు సంగతీ అంతే. కనకదుర్గ గ్రామీణ బ్యాంకు 2006లో సప్తగిరి అయింది. 2025 మే 1న సప్తగిరి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పేరు మారిన ప్రతిసారీ పాస్‌బుక్కు, ఐఎఫ్ఎస్‌సీ కోడు, యాప్ మారతాయి. అలాంటప్పుడు "మీ ఖాతా అప్‌డేట్ చేయాలి" అనే ఫోన్ వస్తే అనుమానం రాకపోవడంలో రైతు తప్పేముంది? నిజంగానే అప్‌డేట్ చేయాల్సి వచ్చింది కదా.

ప్రభుత్వం కూడా ఫోన్‌లోకే వచ్చేసింది. 2024 ఖరీఫ్ ధాన్యం అమ్ముకోవడానికి వాట్సాప్‌లో హాయ్ అని పంపమంది. 2025 జనవరి 30న మనమిత్ర పేరుతో సర్కారు సేవలన్నీ వాట్సాప్‌లో ఇస్తామంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే మంచిదే. మనం దాన్ని వ్యతిరేకించడం లేదు. పీఎం కిసాన్‌కు ఈకేవైసీ తప్పనిసరి. అన్నదాత సుఖీభవ పడాలన్నా ఖాతా, ఆధార్, వివరాలు సరిపోవాలి. తుపాను వస్తే పంట నష్టం నమోదు కూడా అలాగే. మొంథా తుపాను తర్వాత నష్టపరిహారం కబురు కోసం మన రైతులు ఫోన్లు చేతిలో పట్టుకునే ఉన్నారు. "వాట్సాప్‌లో వచ్చింది నమ్ము, చెప్పినచోట నొక్కు" అని జనానికి నేర్పింది ప్రభుత్వమూ బ్యాంకులూనే. ఏది నిజమైనదో, ఏది కాదో గుర్తుపట్టడం మాత్రం నేర్పలేదు. దొంగ ఆ సందులోంచే వస్తున్నాడు. అందువల్ల మోసపోయినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసే అలవాటు ముందు మనం మానుకోవాలి. సిగ్గుపడి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకపోవడం వల్ల దొంగకి కావలసినంత సమయం దొరుకుతోంది.

గుర్తుపట్టడం ఎలా?

పెద్ద సాంకేతిక జ్ఞానం అక్కర్లేదు. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: నేను వాణ్ణి పిలిచానా, వాడే వచ్చాడా? వాడే వచ్చి, భయపెట్టి, తొందరపెట్టి, ఫోన్ పెట్టేయొద్దని అంటుంటే అనుమానించాల్సిన పనే లేదు, కట్ చేయండి. నిజమైన బ్యాంకు మనిషి మనం లైన్ కట్ చేస్తే కోప్పడడు. రేపు బ్రాంచికి వస్తానంటే "సరే, రండి" అంటాడు. దొంగ మాత్రం "ఇప్పుడే కాకపోతే మీ డబ్బు పోతుంది" అంటాడు. ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకున్నా చాలు.

బ్యాంకులు తమ ఖాతాదారులకు చేసే సేవా ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. బ్యాంకుల వెబ్‌సైట్ల పేర్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిసేలా మార్చుకోవాలని 2025 అక్టోబరు 31 వరకు గడువు పెట్టింది. పది అంకెల మామూలు సెల్ నంబరు నుంచి "బ్యాంకు హెడ్డాఫీసు" మాట్లాడుతోందంటే నమ్మకండి. 1600 నంబరు కనపడినా సరే, పిన్ను, ఓటీపీ చెప్పకండి, యాప్ వేయకండి. లైన్ కట్ చేసి, పాస్‌బుక్కు మీదా ఏటీఎం కార్డు వెనకా ఉన్న నంబరుకి మనమే ఫోన్ చేయాలి.

ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. మనమే పిలవాలన్నాం కదా అని గూగుల్‌లో "ఫలానా బ్యాంకు కస్టమర్ కేర్" అని వెతికితే దొంగలు పెట్టిన నంబర్లు కూడా పైకి వస్తాయి. అప్పుడు పిలిచింది మనమే అయినా వచ్చేది దొంగే. నంబరు ఎప్పుడూ కాగితం మీద నుంచి తీసుకోవాలి. బ్యాంకు నంబరు పాస్‌బుక్కు నుంచి తీసుకోండి. కరెంటు సంగతి అయితే 1912. పీఎం కిసాన్ సంగతి అయితే రైతు సేవా కేంద్రంలో అడగండి. పీఎం కిసాన్ అసలు యాప్ ప్లే స్టోర్‌లో ఉంటుంది. వాట్సాప్‌లో ఫైలుగా వచ్చేది ఏదైనా నకిలీ అనే అనుకోండి.

ఇంకో మాట. డబ్బు తీసుకోవడానికి పిన్ను అక్కర్లేదు. యూపీఐ పిన్ను కొట్టామంటే మన ఖాతాలోంచి డబ్బు పోతోందని అర్థం. "సరిచూడటానికి ఒక్క రూపాయి పంపండి" అన్నా అంతే. ఆ రూపాయి పంపేటప్పుడు కొట్టిన పిన్ను కోసమే వాడు కాచుకుని ఉంటాడు.

గాదె తాళం అరుగు మీద పెట్టొద్దు

మన పెద్దలు ధాన్యం అంతా అరుగు మీద పోసి నిద్రపోయేవారు కాదు. వాడుకకి కావలసింది బయట, మిగతాది గాదెలో. డబ్బుకీ అదే పద్ధతి పెట్టుకుందాం. పంట డబ్బు పడే ఖాతాకి, ఫోన్ పే, గూగుల్ పే వాడే ఖాతాకి సంబంధం లేకుండా చూసుకోండి. రెండో ఖాతాలో నెల ఖర్చుకి సరిపడా ఉంచుకుంటే చాలు. ఒక్కటే ఖాతా ఉంటే రోజుకి ఎంత పోవచ్చో పరిమితి తగ్గించమని బ్యాంకులో రాసివ్వండి. యూపీఐలో మామూలుగా రోజుకి లక్ష రూపాయల దాకా పంపవచ్చు. ఎరువుల కొట్టుకో, కూలీలకో పంపేవాళ్లకు అంత అవసరం ఎన్ని రోజులుంటుంది?

పంట రుణం ఖాతాను ఫోన్ యాప్‌కి కలపడం మరీ ప్రమాదం. సొంత డబ్బు పోతే పోయిన దానితో ఆగుతుంది. రుణం ఖాతాలోంచి పోతే అప్పు మన పేరునే నిలుస్తుంది, వడ్డీ పెరుగుతుంది. కొన్ని బ్యాంకు యాప్‌లలో కాగితం, సంతకం లేకుండానే వ్యక్తిగత రుణం మంజూరవుతుంది. తెర దొంగ అదుపులో ఉంటే వాడు ముందు మన పేరున అప్పు తీసి, ఆ అప్పును కూడా ఎత్తుకుపోతాడు.

ఇంట్లో పిల్లలు ఎప్పుడో వేసిన ఎనీడెస్క్ లాంటి యాప్ ఉంటే ఈ వారమే తీసేయించండి. మళ్లీ అవసరమైతే అబ్బాయి ఫోన్‌లో ఉన్నప్పుడు వేసుకుని, పని అయ్యాక తీసేయవచ్చు. విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలతో ఒక మాట అనుకోవాలి: ఫోన్‌లో ఏ మార్పు చేయాలన్నా ముందు మాతో మాట్లాడాలి, ఎంత రాత్రి అయినా సరే.

తగులుకున్నాక మొదటి గంట

తెలిసో తెలియకో నొక్కేశాం. డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. అప్పుడేం చేయాలి?

ముందు దొంగను ఫోన్‌లోంచి బయటికి పంపాలి. ఏరోప్లేన్ మోడ్ నొక్కండి, వైఫై కూడా ఆపండి. తెర నల్లగా అయిపోయి మాట వినకపోతే ఫోన్ పూర్తిగా ఆపేయండి. వాడితో వాదించకండి, తిట్టకండి. మీరు మాట్లాడుతున్నంతసేపూ వాడు పని చేసుకుంటూనే ఉంటాడు.

వెంటనే పక్కవాళ్ల ఫోన్ తీసుకుని 1930కి చేయండి. ఇది దేశమంతటికీ ఒకే నంబరు. మీ పేరు, బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు చెప్పండి. వాళ్లు డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకి కబురుపెట్టి, ఇంకా అక్కడే ఉంటే నిలిపేయిస్తారు. దొంగ ఆ డబ్బును నిమిషాల్లో నాలుగైదు ఖాతాలు మారుస్తాడు. మనం ఎంత తొందరగా చెబితే అంత మిగులుతుంది. పొద్దున్నే బ్యాంకు తెరిచాక చూద్దాం అనుకుంటే అప్పటికి ఏమీ ఉండదు. రాత్రి పన్నెండైనా ఫోన్ చేయండి.

ఆ తర్వాత బ్యాంకు నంబరుకి చేసి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. మర్నాడు బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. కాల్ వివరాలు, మెసేజ్‌లు, వచ్చిన ఫైలు తుడిచేయొద్దు. వేరే ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆధారాలు భద్రం చేసుకున్నాకే తెలిసినవాళ్ల చేత ఆ యాప్ తీసేయించి, ఫోన్‌ను కొత్తదానిలా రీసెట్ చేయించండి. పిన్నులు, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. మీ పేరుతో ఫైళ్లు వెళ్లి ఉంటే గ్రూపుల్లో వెంటనే చెప్పండి: నా ఫోన్ నుంచి వచ్చింది నొక్కొద్దని.

కొన్నాళ్లకు ఇంకొకడు ఫోన్ చేస్తాడు. "మీ పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అంటాడు. వాడూ అదే ముఠా మనిషి. ప్రభుత్వం గానీ పోలీసులు గానీ డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఫీజు అడగరు.

బ్యాంకు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు

బ్రాంచికి వెళ్తే చాలాసార్లు వినపడే మాట: "ఓటీపీ మీరే చెప్పారు, మేమేం చేయలేం." ఈ మాటతో తిరిగి వచ్చేయొద్దు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఉంది. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకూ అలాంటి ఆదేశమే ఇచ్చింది. దాని సారాంశం ఇది. బ్యాంకుదీ ఖాతాదారుదీ కాని లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పని దినాల్లోపు ఫిర్యాదు చేసిన ఖాతాదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాదారు భరించాల్సింది గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఖాతాదారు పిన్ను, ఓటీపీ చెప్పడం వల్ల పోతే ఆ నష్టం ఖాతాదారుదే. కానీ అది ఫిర్యాదు చేసే దాకానే. ఫిర్యాదు చేశాక పోయిన ప్రతి రూపాయికీ బ్యాంకుదే బాధ్యత. తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. మీరే చెప్పారని నోటిమాటగా అనేస్తే నిరూపించినట్టు కాదు. దొంగ యాప్ మెసేజ్ చదివి ఓటీపీ ఎత్తుకుపోయిన కేసులో రైతు ఓటీపీ "చెప్పాడు" అని ఎలా అంటారు?

అందుకే ఫిర్యాదు చేసిన తేదీ, గంట చాలా ముఖ్యం. రాతపూర్వక ఫిర్యాదుకి 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. దీనికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మన కుర్రవాళ్లకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. "మీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వండి, నెలకి ఇంత ఇస్తాం" అని అడిగేవాళ్లు తిరుగుతుంటారు. దోచిన డబ్బు దాటించడానికే ఆ ఖాతాలు. రేపు పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఇంటికే. ఎక్కడో ఒక రైతు కష్టార్జితం మన ఇంటి కుర్రాడి ఖాతాలోంచి పోయిందంటే అంతకంటే తలవంపు ఏముంది?

మన డిమాండ్లు, మన పని

ఒక్కో రైతు జాగ్రత్తగా ఉంటే సరిపోతుందని చెప్పి ఊరుకుంటే బాధ్యత అంతా బలైనవాడి మీద వేసినట్టే. వ్యవస్థ చేయాల్సిన పనులు ఉన్నాయి.

ప్రతి బ్యాంకు బ్రాంచిలో, సహకార సంఘంలో 1930 నంబరు, ఆ బ్రాంచి నంబరు, రిజర్వు బ్యాంకు ఆదేశం సారాంశం పెద్ద తెలుగు అక్షరాలతో గోడ మీద రాయాలి. పాస్‌బుక్కు మొదటి పేజీలో ముద్రించాలి. పంట డబ్బు పడే ఖాతాలకు ఫోన్ లావాదేవీల పరిమితి తక్కువగా పెట్టి, ఎక్కువ కావాలని రైతు అడిగితేనే పెంచాలి. యాప్‌లో అడగకుండా ఇచ్చే రుణాలు రైతు బ్రాంచికి వచ్చి సంతకం చేస్తే తప్ప విడుదల కాకూడదు.

రైతు సేవా కేంద్రాల్లో వారానికి ఒక రోజు ఫోన్ పరీక్ష పెట్టాలి. రైతు ఫోన్ తెస్తే అనుమానం ఉన్న యాప్‌లు చూసి చెప్పే మనిషి ఉండాలి. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ, ధాన్యం కొనుగోలు, నష్టపరిహారం విషయాల్లో ప్రభుత్వం ఏ నంబరు నుంచి మెసేజ్ పంపుతుందో ముందే కాగితం మీద అచ్చువేసి ఊరూరా పంచాలి.

నాగాయలంక రైతునో కోడూరు రైతునో ఫిర్యాదు కోసం జిల్లా కేంద్రం మచిలీపట్నం దాకా పంపకూడదు. ఏ స్టేషన్‌లోనైనా కేసు నమోదు చేయవచ్చని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. "ఇది మా పరిధి కాదు" అనే మాట ఇక చెల్లదు. నిలిపేసిన డబ్బు బాధితుడికి తిరిగి ఇప్పించే పని కోర్టుల్లో సాగదీయకుండా లోక్ అదాలత్‌ల ద్వారా తొందరగా పూర్తిచేయాలి.

మన వంతు కూడా ఉంది. ప్రతి గ్రామ శాఖలో ఫోన్ తెలిసిన ఇద్దరు కార్యకర్తలను ఎంచుకుందాం. ఒకరు అమ్మాయి అయితే మరీ మంచిది, డ్వాక్రా ఆడవాళ్లు జంకు లేకుండా అడుగుతారు. ఊళ్లో ఎవరికి అనుమానం వచ్చినా, ఎవరికి డబ్బు పోయినా ముందు వాళ్లకు చెప్పాలి. 1930కి చేయించి, ఫిర్యాదు రాసి, మర్నాడు రైతుతో పాటు బ్యాంకుకి వెళ్లడం వాళ్ల పని. మిల్లరు దగ్గరకి ఒక్క రైతు వెళ్తే వచ్చే జవాబు వేరు, సంఘం వెళ్తే వచ్చే జవాబు వేరు. బ్యాంకు కౌంటరు దగ్గరా అంతే.

దాళ్వా పెట్టుబడికి డబ్బు దాచుకున్న రైతు, చేపల చెరువుకి మేత కొనాల్సిన రైతు, కౌలు కట్టాల్సిన కౌలుదారు ఈ నెలలో చేయాల్సిన పని చిన్నదే. 1930 నంబరు ఇంటి గోడ మీద, ఫోన్ పక్కన కనపడేలా రాసి పెట్టండి. వచ్చే గ్రామ శాఖ సమావేశానికి ఫోన్లు తీసుకురండి, అందరివీ కలిసి చూద్దాం.